ఐదు మానిటర్లా, పది మానిటర్లా

భద్రం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, కుర్చీ వస్తుంది. దాన్ని మన ముందుకి జరిపి "కూర్చుని చూడు" అంటారు, అంతే. కాకినాడలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన రోజుల్లోనూ ఇదే వరస. వేగం ఎలా పెరుగుతుంది మాస్టారూ అని నేనొకసారి అడిగితే, అట్టపెట్టె ఒకటి తెచ్చి నా చేతుల మీద బోర్లించి, అక్షరాలు కంటికి కనపడకుండా చేసి, కూర్చుని చూడమన్నారు. ఇవాళ నేను కోర్టులో టైపిస్టుగా నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ అట్టపెట్టె చలవే. మా బ్యాచ్ వాళ్ళం ఎక్కడ కలుసుకున్నా ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటాం. వినేవాళ్ళు విసుక్కున్నా మానం.

టైపు మెషీన్ల కాలం వెళ్ళిపోయాక ఆ హాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. కొన్నాళ్ళు వాటి మీద కూడా టైపే నేర్పారు. తరవాత నేర్చుకునేవాళ్ళు తగ్గి ఆడుకునేవాళ్ళు పెరిగారు. గుమ్మం మీద బోర్డు మాత్రం ఇప్పటికీ టైపు ఇన్‌స్టిట్యూట్ అనే ఉంటుంది. లోపల ఐదుగురు ఇటు, ఐదుగురు అటు ఎదురెదురుగా కూర్చుని తుపాకుల ఆట ఆడుతుంటారు. మాస్టారికి ఆ ఆట తలా తోకా తెలియదు. తెర మీద మనవాడెవడో పరాయివాడెవడో ఇప్పటికీ నన్నే అడుగుతారు, నాకూ తెలియదు. అయినా ఆయన దగ్గర తయారైన పిల్లల చేతులు చూడాలి. నడుం నిటారుగా పెట్టి, చూపు కీబోర్డు మీద వాలనివ్వకుండా ఆడతారు. ఆటలో చచ్చిపోయినవాడు అరవకూడదు, చంపినవాడు ఎగతాళి చెయ్యకూడదు అని ఆయన పెట్టిన కట్టుబాటు. ఇంత మర్యాదగా కాల్చుకునే పిల్లలు మా జిల్లాలో ఇంకెక్కడా లేరని నేను పందెం కాసి చెప్పగలను.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది, అది ఇంకే ఊళ్ళోనూ లేదు. సగం ఆట కాగానే మాస్టారు ఇత్తడి బెల్లు కొడతారు. కొట్టగానే ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు మారాలి. ఎదుటివాళ్ళు కూర్చున్న కుర్చీలోనే కూర్చోవాలి, వాళ్ళు చూసిన తెరే చూడాలి. ఎవరి మౌసు వాళ్ళు పట్టుకుపోవచ్చు, అంతవరకే. ఇది టైపు రోజుల నాటి అలవాటు. పరీక్ష దగ్గర పడ్డాక మా చేత సగం పేజీ మా మెషీను మీద కొట్టించి, బెల్లు మోగగానే లేపి, మిగతా సగం పక్కవాడి మెషీను మీద కొట్టించేవారు. ఒకదాని మీటలు బిగుసుకుపోయి ఉండేవి, ఇంకోదాని రిబ్బను మసకబారి ఉండేది. ఎందుకిలా మాస్టారూ అంటే ఆయన ఏమనేవారో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

ఈ హాలు జట్టుకి కెప్టెను హైమావతి. డిగ్రీ చదువుతోంది, వాళ్ళ నాన్నకి జగన్నాథపురంలో వలల కొట్టుంది. గురి చూసి కొట్టడంలో ఆ పిల్లకి సాటి లేరు. అయినా కిందటేడు జిల్లా ఆఖరి పోటీలో సామర్లకోట జట్టు చేతిలో ఓడిపోయింది. ఈ ఏడు మళ్ళీ అదే పోటీ, మళ్ళీ అదే సామర్లకోట, పోటీ జరిగేది మాత్రం మాస్టారి హాల్లో. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి వెళుతుంది. ఆ రాష్ట్ర పోటీలు ఈసారి జరిగేది ఎక్కడో కాదు, కాకినాడలోనే. నలుమూలల నుంచీ జట్లు వచ్చి తన ఊళ్ళో ఆడుతుంటే తను టిక్కెట్టు కొనుక్కుని, జనంలో కూర్చుని చప్పట్లు కొట్టాలా అన్న బెంగ హైమని తినేస్తోంది. వాళ్ళమ్మ చెప్పింది, అన్నం దగ్గర కూడా ఆ పిల్ల కుడిచెయ్యి మౌసు పట్టుకున్నట్టే ఉంటోందని.

సరిగ్గా ఆ రోజుల్లోనే మాస్టారు మూలనున్న పాత టైపు మెషీన్లని అమ్మేశారు. హోటళ్ళవాళ్ళు అలంకారానికి పెట్టుకుంటామని పట్టుకుపోయారు. ఆ డబ్బుతో హాలుకి కొత్త మానిటర్లు కొందాం, ఎలాంటివి కొనాలో నువ్వే తేల్చమ్మా అని హైమకి అప్పగించారు. ఇక ఆ పిల్లకి నిద్రాహారాలు లేవు. ఫోన్లో వీడియోలు చూడడం, షాపులవాళ్ళని పీక్కుతినడం, కనిపించినవాళ్ళకి పాఠం చెప్పడం. నాకూ చెప్పింది. మామూలు మానిటర్లో బొమ్మ సెకనుకి అరవై సార్లు మారుతుందట, మంచిదాంట్లో నూట అరవై ఐదు సార్లట. గోడ చాటు నుంచి శత్రువు తొంగిచూసినప్పుడు మంచి మానిటర్ ముందున్నవాడికి ఒక రవ్వ ముందు కనిపిస్తాడు, ఆ రవ్వలోనే ప్రాణం ఉంటుందట. హాల్లో ఉన్నవన్నీ పాత అరవైవే. కిందటేడు తను ఓడిపోయింది కూడా వాటి మీద సాధన చేసినందుకేనని ఆ పిల్ల గట్టి నమ్మకం.

పోటీకి నాలుగైదు రోజులుందనగా మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, ఉన్న డబ్బుకి మంచివైతే ఐదే వస్తాయండి. పది కావాలంటే ఓ మోస్తరువే వస్తాయి. నన్నడిగితే మంచివి ఐదు తీసుకుందామండి. అవి మనవైపు పెట్టుకుని పాతవి అటుపక్క ఉంచేద్దాం. మన హాలు, మన డబ్బు కదండీ. కాకపోతే సగంలో ఆ బెల్లొక్కటీ మానెయ్యాలండి. ఐదు కొనమంటారా, పది కొనమంటారా?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ ముందుకి జరిపారు. "ముందొకటి తెచ్చి పెట్టమ్మా. పోటీ రోజున కూర్చుని చూడు. బెల్లు మాత్రం కొడతాను" అన్నారు.

హైమ మొహం సగం వెలిగింది, సగం ముడుచుకుంది. అయినా ఆ పిల్ల లెక్క ఆ పిల్లకుంది. మొదటి సగంలో కొత్త తెర మీద అందనంత దూరం పోతే, రెండో సగంలో అది ఎదుటివాళ్ళకి పోయినా ఇబ్బంది లేదు. కంప్యూటర్ల షాపు పేర్రాజుగారిని బతిమాలి, కొంటే ఐదూ మీ దగ్గరే కొంటామని ఆశపెట్టి, ఒకటి చూడడానికి పట్టుకొచ్చింది.

పోటీ ఆదివారం పొద్దున్న. సామర్లకోటవాళ్ళు ముందుగానే వచ్చేశారు. వాళ్ళ కెప్టెను షాహిదా అనే అమ్మాయి, సన్నగా, నెమ్మదిగా, మాట పెదవి దాటడమే కష్టం అన్నట్టుంటుంది. కిందటేడు హైమని ఓడించింది ఆ అమ్మాయే. హాల్లో ఆ అమ్మాయికి కాజాలు పెట్టిన మర్యాదా హైమదే, ఆ అమ్మాయి వంక కొరకొర చూసిందీ హైమే. పోటీ జరిపేవాళ్ళు కూడా బెల్లు సంగతి విని నవ్వి, రెండు జట్లకీ ఇష్టమైతే మాకేం అభ్యంతరం అన్నారు. సామర్లకోటవాళ్ళు సరేనన్నారు. హైమ కొత్త మానిటర్ పెట్టెలోంచి తీసి, పాతదాన్ని బల్ల కింద ఉంచి, దీన్ని తన చోట పెట్టి, తీగలు తగిలించి, దాని మీద ఉన్న పల్చటి కవరు లాగేసరికి ఆటకి పిలుపు వచ్చేసింది. సన్నటి అంచులు, నల్లగా నిగనిగలాడుతూ, పాత మానిటర్ల వరసలో అది పెళ్ళికొడుకులా ఉంది. మా జట్టులో తాతాజీ అనే కుర్రాడు దాన్ని వేలితో ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ఆట మొదలైంది. నాకు ఆట తెలియకపోయినా మొహాలు తెలుస్తాయి. హైమ మొహం చూస్తే అర్థమైపోయింది, ఇవాళ ఆ పిల్లకి ఎదురు లేదని. ఒక్కొక్క రౌండూ మావాళ్ళ ఖాతాలో పడుతోంది. గోడ చాటున ఎవరు కదిలినా హైమ ముందు పడిపోతున్నారు. కిందటేడు తడబడిన చెయ్యి ఈ ఏడు తడబడలేదు. మధ్యమధ్య చిన్నగా నవ్వుకుంటోంది కూడా. మాస్టారు బెల్లు కొట్టేసరికి మావాళ్ళు మూడు రౌండ్లు ముందున్నారు. హాలంతా చప్పట్లు. హైమ లేచి నిలబడి వెనక్కి తిరిగి, గోడవార నిలబడ్డ పేర్రాజుగారితో అందరికీ వినిపించేలా అంది:

"చూశారా అండి! వెన్నలాగ జారుతోందండి బొమ్మ. నాదేం లేదండి, అంతా ఈ మానిటరేనండి!"

పేర్రాజుగారు తనే ఆడి గెలిచినట్టు మీసం సవరించుకున్నారు. నాకైతే కాస్త కష్టమనిపించింది. వేళ్ళు నొప్పులు పుట్టేలా ఏడాది పొడుగునా సాధన చేసిన పిల్ల, తీరా గెలిచే వేళకి ఆ గొప్పంతా తీసుకెళ్ళి ఓ ప్లాస్టిక్ పలక నెత్తిన పెట్టింది. మాస్టారు బెల్లు బల్ల మీద పెట్టి, మారండమ్మా మారండి అని చెయ్యి ఊపారు.

జట్లు మారాయి. హైమ పాత మానిటర్ ముందుకి వెళ్ళింది. షాహిదా కొత్తదాని ముందు కూర్చుంది. కూర్చుని, మౌసు బల్ల మీద పెట్టి, తెర మీద బాణం గుర్తుని గుండ్రంగా రెండుమూడు సార్లు తిప్పింది. కనుబొమలు ముడిచింది. మళ్ళీ తిప్పింది. తరవాత సెట్టింగుల్లోకి వెళ్ళి ఏదో చూసింది. అక్కడ ఆ అమ్మాయి ఏం చేసినా అడిగేవాళ్ళు లేరు. వెనకాల ఎవరూ నిలబడి లేరు. ఒక్క నొక్కు నొక్కి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆ అమ్మాయి బల్లకి అటుపక్క నుంచి తల పైకెత్తి పిలిచింది.

"ఏవండీ, ఒక్కమాటండి. ఇది అరవైలోనే ఉందండి."

హైమకి అర్థం కాలేదు. "ఏంటండి?"

"మానిటరండి. నూట అరవై ఐదుదే కానీ, అరవైలోనే నడుస్తోందండి. పెట్టెలోంచి తీశాక సెట్టింగు మార్చాలి కదండీ. మా అన్నయ్య కూడా కొత్తలో ఇలాగే నెల్లాళ్ళు ఆడేశాడు."

హైమ లేచి ఇటు వచ్చి, వంగి తెర మీద చూసింది. అరవై. ఏది కొనాలో చెప్పే వీడియోలు ఊళ్ళో ఎవరూ చూడనన్ని చూసింది గానీ, కొన్నాక ఏం చెయ్యాలో చెప్పేది ఒక్కటీ చూడలేదు ఆ పిల్ల. వెన్నలా జారిన బొమ్మ, ఒక రవ్వ ముందు కనిపించిన శత్రువు, అంతా ఆ పాత అరవైలోనే. పక్క కుర్చీ ముందున్న పాత డబ్బాకీ దీనికీ అప్పటివరకూ నిగనిగల్లో తప్ప తేడా లేదు. హైమ చెవులు ఎర్రబడిపోయాయి. అటుపక్క నుంచి తాతాజీ మెల్లిగా, "మరయితే ఆ మూడు రౌండ్లూ ఎవరు కొట్టినట్టక్కా?" అన్నాడు. ఎగతాళికి అనలేదు వాడు, నిజంగానే అడిగాడు. ఆ ప్రశ్న చెవిన పడ్డాక హైమ భుజాలు కొంచెం వెనక్కి వెళ్ళడం, మెడ కొంచెం లేవడం నేను చూశాను. అప్పుడే చప్పట్లు కొట్టాలనిపించింది నాకు, సందర్భం కాదని ఊరుకున్నాను.

షాహిదా అంది, "మీరు అరవైలో ఆడారు కదండీ. నేనూ అరవైలోనే ఆడతాను. అయ్యాక మార్చుకోండి."

"వద్దండి. నేను తెలియక ఆడాను. మీకు తెలుసు. ఈ సగం ఈ కుర్చీ మీది, దాంతో వచ్చేది మీకు రావాలి" అంది హైమ.

"అబ్బే, బాగోదండి."

"మారిస్తేనే బాగుంటుందండి."

మా గోదావరి జిల్లాల మర్యాద తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఇది ఇలా మొదలైతే పొద్దుగూకేదాకా తెగదు. హైమే తెగ్గొట్టింది. షాహిదా చేతి పక్క నుంచి మౌసు తీసుకుని, తన చేత్తోనే సెట్టింగు నూట అరవై ఐదుకి మార్చి, "ఇప్పుడు తిప్పి చూడండి" అంది. షాహిదా బాణం గుర్తుని తిప్పింది. ఈసారి తేడా మా ముసలి కళ్ళకి కూడా తెలిసింది. తెర మీద గుర్తు పరిగెడుతున్నట్టు కాదు, నీళ్ళ మీద పోతున్నట్టు పోయింది. హైమ ఒక్క క్షణం ఆశగా చూసి, తిరిగి పాతదాని ముందుకి వెళ్ళి కూర్చుంది. ఆ నాలుగడుగులూ ఆ పిల్ల నడిచిన తీరు చూసి మా హాలు పిల్ల అది అని పక్కవాడితో చెప్పుకోవాలనిపించింది, చెప్పాను కూడా.

రెండో సగం నడిచింది. ఈసారి షాహిదాది పైచెయ్యి. మావాళ్ళు తల బయటపెడితే చాలు పడిపోతున్నారు. హైమ కూడా ఊరికే వదల్లేదు, కొట్టినవి కొట్టింది, అయినా ఆట అయ్యేసరికి మూడు రౌండ్లు వాళ్ళు ఎక్కువ కొట్టారు. మొత్తం మీద రెండు జట్లూ సమానం. సామర్లకోటవాళ్ళు గెంతులేస్తున్నారు, మావాళ్ళు మానిటర్ వంక చూసి గొణుక్కుంటున్నారు. విచిత్రమేమిటంటే, అంత బాగా ఆడిన షాహిదా మొహంలో కళ లేదు.

మాస్టారు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఏమ్మా, అలా ఉన్నావేం?" అని అడిగారు.

"నేను కొట్టినవి నేనే కొట్టానో, ఇది కొట్టించిందో తెలియట్లేదండి" అంది ఆ అమ్మాయి. అని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బల్లకి అటుపక్క హైమ ఆ మాట విన్నది. మాస్టారు హైమ వైపు చూడలేదు. కుర్చీలు సర్దుకుంటూ, ఇంకా ఒక ఆట ఉందర్రా అన్నారు. సమానమైతే తేల్చడానికి ఒక చిన్న ఆట ఆడాలి. అందులో బెల్లు ఉండదు, మార్పిడి ఉండదు. ఎవరు ఎటువైపు కూర్చోవాలో చెప్పే హక్కు హాలు జట్టు కెప్టెనుది. ఇదీ మొదటి నుంచీ ఉన్నదే, ఎవరూ కొత్తగా పుట్టించింది కాదు.

మావాళ్ళందరి మొహాలూ ఒక్కసారి విచ్చుకున్నాయి. కొత్త మానిటర్ ఇప్పుడు పూర్తి వేగంతో ఉంది. అటువైపు కూర్చుంటామని హైమ ఒక్క మాటంటే చాలు. అందులో తప్పు లేదు, మోసం లేదు, ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. తాతాజీ అయితే అప్పటికే తన మౌసు చుట్టేసుకుని లేచాడు. ఆ ఒక్క మాటకి అవతల రాష్ట్ర పోటీలున్నాయి, సొంతూరి జనం ఉన్నారు, వలల కొట్టు కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డ వాళ్ళ నాన్న ఉన్నాడు.

హైమ లేచి అటుపక్కకి వెళ్ళింది. కొత్త మానిటర్ ముందు కాసేపు నిలబడింది. దాని మీద ఆ పిల్లకి ఎంత మోజో నాకు తెలుసు. తరవాత వెనక నుంచి తీగలు ఒక్కొక్కటే పీకేసి, దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకెళ్ళి, పేర్రాజుగారి ముందు బల్ల మీద పెట్టింది. బల్ల కింద ఉంచిన పాత మానిటర్ని తీసి, చున్నీ అంచుతో తుడిచి, ఖాళీ అయిన చోట పెట్టి తీగలు తగిలించింది.

పేర్రాజుగారు కంగారు పడిపోయారు. "అదేంటమ్మా, బాగానే పనిచేస్తోంది కదా?"

"బాగానే పనిచేస్తోందండి. అందుకేనండి" అంది హైమ.

తరవాత షాహిదా వైపు తిరిగి, "ఇప్పుడు రెండువైపులా ఒకటేనండి. మీకు నచ్చినవైపు కూర్చోండి" అంది. షాహిదా మొహంలోకి కళ వచ్చింది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, ఉన్నచోటే కూర్చుంది. ఇద్దరూ ఒకేసారి నడుములు నిటారుగా పెట్టారు. మాస్టారి దగ్గర నేర్చుకోని పిల్ల కూడా అలా కూర్చోవడం చూసి నాకు ముచ్చటేసింది.

ఆ ఆట ఎలా జరిగిందో చెప్పే శక్తి నాకు లేదు. నాకు తెలిసిందల్లా హాల్లో ఎవరూ కాఫీ ముట్టుకోలేదు, మాస్టారు బెల్లు నాలుకని వేలితో గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. ఒక రౌండు వీళ్ళది, ఒక రౌండు వాళ్ళది. ఆఖరికి అటు షాహిదా, ఇటు హైమ, ఇద్దరే మిగిలారు. ఒకరు గోడకి ఈ చివర, ఒకరు ఆ చివర. ఎంతసేపటికీ ఎవరూ కదల్లేదు. చివరికి హైమే తెగించి బయటికి వచ్చింది. ఇద్దరూ దాదాపు ఒకేసారి కొట్టారు. పడిపోయింది హైమ.

సామర్లకోటవాళ్ళ కేకలకి హాలు దద్దరిల్లింది. హైమ రెండు చేతులూ బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుంది. గుమ్మంలో వాళ్ళ నాన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాను. నేనే కళ్ళు తుడుచుకున్నాను. కానీ ఆ పిల్ల లేచింది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, షాహిదా రెండు చేతులూ పట్టుకుంది. "మీరే కొట్టారండి" అంది. తల మాత్రం వంగలేదు.

"ఇది నాదేనండి" అంది షాహిదా. ఆ నెమ్మది పిల్ల అంత గట్టిగా మాట్లాడగలదని అప్పటిదాకా వాళ్ళ జట్టుకే తెలిసినట్టు లేదు. "మీరింకొక్క రవ్వ ఆగుంటే నేనే వచ్చేసేదాన్నండి. గుండె ఆగిపోయిందనుకోండి."

నేను చాలా ఏళ్ళుగా ఆ హాలుకి వెళుతున్నాను. మా బ్యాచ్‌లో రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకున్నవాళ్ళున్నారు, పేపర్లో ఫోటోలు పడ్డవాళ్ళున్నారు. ఆ హాలుని చూసి నేను అంతగా పొంగిపోయింది మాత్రం మావాళ్ళు ఓడిపోయిన ఆ ఆదివారమే. ఇంటికెళ్ళి మా ఆవిడతో చెబితే, ఓడిపోయినందుకు ఇంత సంబరమేమిటి మీకు అంది.

సామర్లకోటవాళ్ళు వెళ్ళిపోయారు. మావాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. పేర్రాజుగారు కొత్త మానిటర్ని పెట్టెలో పెట్టుకుంటూ, ఆశ వదులుకోలేక, "అయితే ఏం చేద్దామంటారమ్మా? ఇలాంటివి ఐదు పంపించమంటారా?" అని అడిగారు.

హైమ మాస్టారి వైపు చూసింది. మాస్టారు బెల్లుని గుడ్డతో తుడుచుకుంటున్నారు. అడిగినా చెప్పరని ఆ పిల్లకి తెలుసు. పేర్రాజుగారి వైపు తిరిగింది.

"పది పంపించండి. ఇంత వేగం లేకపోయినా ఫరవాలేదు, ఇప్పుడున్నవాటికన్నా మెరుగైతే చాలండి. పదీ ఒక్క రకమే ఉండాలి. వచ్చాక సెట్టింగులు నేనే పెడతాను, పదింటికీ" అంది. తరవాత మళ్ళీ ఆ పాత పంతం కళ్ళలోకి తెచ్చుకుని మాస్టారితో చెప్పింది.

"వచ్చే ఏడు వాళ్ళని మళ్ళీ ఇక్కడికే రమ్మందామండి. ఈసారి ఓడిపోతే చెప్పుకోవడానికి వాళ్ళకి ఏ వంకా మిగలకూడదండి."

మాస్టారు బెల్లు బల్ల మీద పెట్టారు.

"మనకి కూడానమ్మా" అన్నారు.